నాలుగు వందల పన్నెండు మందికి ఒక పడక

ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను చాలా వాటికి కాపలా ఉన్నాను. బందెలదొడ్డిలో ఆవులకు, గోదాములో మాడిపోయిన వీధిదీపాలకు, ఒక ఎండాకాలం మొత్తం కాగితం మీద మాత్రమే తవ్విన చెరువుకు. ఎవరూ పడుకోకుండా చూడవలసిన మంచానికి కాపలా ఉండడం మాత్రం ఈ ఏడాదే మొదలు.

నా పేరు గౌరీశంకర పట్నాయక్. సముద్రం ఒడ్డున ఉన్న మా నగరపాలక సంస్థలో జూనియర్ అసిస్టెంట్‌ని. నన్ను సీనియర్‌ని చేసే ఫైలు పన్నెండేళ్లుగా నడుస్తోంది.

జూన్‌లో మా నగరాన్ని ‘సుందర తీర నగరాల’ పోటీకి ఎంపిక చేశారు. నెలాఖరు శుక్రవారం విదేశాల నుంచి పరిశీలక బృందం వస్తుందన్నారు. వెంటనే పాలకమండలి సమావేశమై ‘బహిరంగ శయన నియంత్రణ నిబంధన’ అని ఒకటి తెచ్చింది. దాని ప్రకారం పగలైనా రాత్రయినా ఫుట్‌పాత్ మీద నడుము వాల్చడం నేరం. కూర్చోవచ్చు. కూర్చుని కళ్లు మూసుకుంటే మొదటిసారి హెచ్చరిక. గోడకు చేరగిలబడడం శయనమా కాదా అన్నది తేల్చడానికి ఉపసంఘం వేశారు.

ఎవరో పుణ్యాత్ముడు కోర్టుకు వెళ్లాడు. పడుకోవడానికి చోటు చూపించకుండా, పడుకున్నందుకు శిక్షించడం కుదరదన్నారు న్యాయమూర్తి. ‘ఖాళీ పడక ఒకటి చూపించి, దాన్ని వద్దన్నవారిని మాత్రమే తొలగించవచ్చు’ అని తీర్పు.

ఆ సాయంత్రమే కమిషనర్ గారు సమావేశం పెట్టారు. ఆయన మాట్లాడితే పత్రికా ప్రకటన చదువుతున్నట్టు ఉంటుంది. ఇంట్లో ఉప్పు అందుకోమన్నా అలాగే అంటారని వాళ్ల డ్రైవర్ చెబుతుంటాడు.

“క్షేత్రస్థాయిలో నిరాశ్రయులు ఎందరున్నారు?” అని అడిగారు.

“పెద్దబజారు రోడ్డు పొడవునా నాలుగు వందల పన్నెండు మంది సార్,” అన్నాడు భూషణం. ఫుట్‌పాత్‌లు ఖాళీ చేయించే దళానికి ఆయనే ఇన్‌స్పెక్టర్. ఒక లారీ, ఇరవై మంది మనుషులు, మెడలో ఈల, ఇదీ ఆయన బలం.

“వారి నిమిత్తం సంస్థ వద్ద అందుబాటులో ఉన్న పడకలు?”

“లేవు సార్.”

“లేవు అనగా, తగినన్ని లేవా?”

“అసలే లేవు సార్.”

అందరం ఫ్యాన్ వైపు చూశాం. అప్పుడు సంస్థ న్యాయవాది సోమయాజులు గారు తీర్పు కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చిరునవ్వు నవ్వారు. ఆయన అలా నవ్వితే నిబంధన ఏదో దొరికిందని అర్థం.

“ఇక్కడ ‘ఖాళీ పడక ఒకటి’ అన్నారు. పడకలు అనలేదు. ఏకవచనం. ఒకటి కొందాం.”

“నాలుగు వందల పన్నెండు మందికా?” అన్నారు కమిషనర్ గారు.

“హోటల్లో బల్లకు ఒక్కటే మెనూ కార్డు ఉంటుంది. అందరూ చదువుతారు, ఎవరూ దాన్ని తినరు కదండీ. అలాగే ఈ పడకను వరసగా అందరికీ చూపిస్తాం. వద్దంటారు. తొలగిస్తాం.”

నేను నోరు మూసుకుని ఉండవలసింది. “మరి ఎవరైనా కావాలంటే?” అన్నాను.

గదిలో అందరూ నా వైపు తిరిగారు. కావాలనడం అనే సంగతి అక్కడ ఎవరికీ తట్టినట్టు లేదు.

“కావాలనకుండా ఉండే చోట పెడదాం,” అన్నారు సోమయాజులు గారు. “పడక నిండితే చట్టం ఆగిపోతుంది. ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. దానికి బాధ్యత గల మనిషి కావాలి.”

బందెలదొడ్డి అనుభవం ఉందని ఆ బాధ్యత నాకే అప్పగించారు.

లైట్‌హౌస్ కొండ మీద పాత నీటిపన్ను ఆఫీసు గది ఒకటి ఖాళీగా పడి ఉంది. బజారుకు తొమ్మిది కిలోమీటర్లు. బస్సు లేదు. కింద నుంచి నూట నలభై మెట్లు. ఆ గదిలో ఇనప మంచం వేసి, దూది పరుపు పరిచి, తెల్ల దుప్పటి కప్పాం. గోడ మీద నియమాలు రాయించాం. మూటలు తేరాదు. పొయ్యి రాజేయరాదు. వృత్తి పనిముట్లు ఉండరాదు. దంపతులు ఒకేసారి ఉండరాదు. దగ్గరాదు.

ప్రారంభోత్సవానికి మేయరమ్మ వచ్చారు. మంచానికి అడ్డంగా కట్టిన రిబ్బన్ కత్తిరించి, ఫోటో కోసం మంచం అంచున కూర్చోబోయారు.

“అమ్మా, కూర్చోకండి! నిండిపోతుంది!” అని సోమయాజులు గారు ఒక్క గెంతు గెంతి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నారు. ఫోటోలో ఆవిడ సగం వంగి, ఎటో పడిపోతున్నట్టుగా వచ్చారు. అదే పేపర్లో వేశారు.

మర్నాటి నుంచి భూషణం లారీ బజారు మీద పడింది. చేతిలో ఫారం నంబరు ఏడు, అంటే నిరాకరణ పత్రం. గొడుగులు బాగుచేసే గురువులు దగ్గర మొదలుపెట్టాడు.

“కొండ మీద పడక ఉంది. మూటలు, పనిముట్లు, పెళ్లాం కుదరవు. కావాలా, వద్దా?”

“నా ఆడదాన్ని ఎక్కడ ఎట్టమంటారు బాబూ?” అన్నాడు గురువులు.

“అది ఈ ఫారంలో లేదు. కావాలా, వద్దా?”

“అలాగైతే నాకెందుకు బాబూ ఆ మంచం?”

“నిరాకరించాడు. రాసుకోండి.” గొడుగులు, గురువులు, గురువులు భార్య లారీ ఎక్కారు. అలా ముప్ఫై, నలభై మందిని ఎక్కించి ఊరి పొలిమేరలో దించి వచ్చారు. సాయంత్రానికి వాళ్లు నడిచి వెనక్కి వచ్చేశారు. మర్నాడు మళ్లీ చూపించారు, మళ్లీ వద్దన్నారు, మళ్లీ దించారు. వారం తిరిగేసరికి ఉన్న నాలుగు వందల పన్నెండు మందిలో ఐదు వందల నలుగురిని తొలగించినట్టు నివేదిక తయారైంది. లక్ష్యానికి మించి సాధించినందుకు భూషణానికి ప్రశంసాపత్రం వచ్చింది.

అలాంటి ఊపులో ఉండగా అతను దాలమ్మ దగ్గరికి వెళ్లాడు.

దాలమ్మకు అరవై దాటాయి. చేపల మార్కెట్ గేటు పక్కన కత్తిపీట వేసుకుని, కొన్నవాళ్లకు చేపలు కోసి, పొలుసు గీకి ఇస్తుంది. పదకొండేళ్ల కిందట వచ్చిన తుఫానులో తీరం కోసుకుపోయి ఆవిడ ఇల్లున్న వరస మొత్తం సముద్రంలోకి వెళ్లిపోయింది. భర్త అంతకు ముందే పోయాడు. అప్పటి నుంచి మార్కెట్ గోడకు ఆనించిన టార్పాలిన్ కిందే ఉంటోంది. పగలంతా కత్తిపీట ముందు వంగి కూర్చోవడం, ఆ తర్వాత రాతి పలకల మీద పడుకోవడం. నడుము ఎప్పుడో పాడైపోయింది. లేచి నిలబడాలంటే గోడ పట్టుకుని మూడు విడతలుగా లేస్తుంది.

“కొండ మీద పడక ఉంది, మూటలు పనిముట్లు కుదరవు, కావాలా వద్దా?” అని భూషణం ఒక్క గుక్కలో చదివి, ‘వద్దు’ అన్న చోట పెన్ను పెట్టాడు.

“మంచమా బాబూ, సాపా?”

“ఇనప మంచం.”

“పరుపుందేటి?”

“ఉంది. దూది పరుపు.”

“అయితే ఒస్తాను.”

భూషణం పెన్ను ఆగిపోయింది. “ఏమన్నావు?”

“ఒస్తానన్నాను.”

“నూట నలభై మెట్లు మామ్మా! కొంచెం ఆలోచించుకో.”

“పదకొండేళ్లు ఆలోసించాను బాబూ,” అని దాలమ్మ గోడ పట్టుకుని లేచింది. కత్తిపీట గురువులు భార్యకు అప్పగించి, లారీ ఎక్కింది.

ఆమెను కొండ మీదికి తీసుకొచ్చేసరికి భూషణం ముఖం మాడిపోయి ఉంది. నా దగ్గర అంగీకార పత్రం లేదు. అలాంటిది అచ్చు వేయించనే లేదు. ఏం చేయాలో అడుగుదామని ఆఫీసుకు ఫోన్ చేశాను. వాళ్లు ఫోన్ ఎత్తే లోపల దాలమ్మ మంచం మీద కూర్చుంది. అరచేత్తో పరుపును రెండుసార్లు నొక్కి చూసింది. తర్వాత జాగ్రత్తగా, ఏదో విరిగిపోతుందేమో అన్నట్టు, నడుము వాల్చింది. అవతలి నుంచి “హలో” అని వినపడేసరికి నిద్రపోయింది.

మూట తేరాదు కదా. నిద్రలోనే ఆమె చెయ్యి తల పక్కన దేనికోసమో వెతికింది. ఏమీ దొరక్క చివరికి మంచం కోడును గట్టిగా పట్టుకుంది. మర్నాడు మధ్యాహ్నం వరకూ ఆ పట్టు వదల్లేదు.

“పడక నిండింది సార్,” అని చెప్పాను ఫోన్లో.

అవతల ఫోన్ పెట్టేశారు. తర్వాత బజారులో భూషణం లారీ ఉన్నచోటే ఆగిపోయింది. ఎక్కించిన వాళ్లను దించేశారు. నాలుగు వందల పదకొండు మంది ఎవరి చోట్లో వాళ్లు హాయిగా నడుము వాల్చారు. అంతా చట్టబద్ధంగానే.

కమిషనర్ గారు మళ్లీ సమావేశం పెట్టారు. మంచాన్ని మరమ్మతు పేరుతో తీసేద్దామన్నారు ఒకరు. తీసేస్తే చూపించడానికి పడక ఉండదు. రెండో మంచం కొందామన్నారు ఇంకొకరు. కావాలనడం ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది, అదీ నిండుతుంది. చివరికి సోమయాజులు గారే దారి చూపించారు.

“ఆవిడ స్నానానికి లేస్తుంది. భోజనానికి లేస్తుంది. లేచిన ప్రతి నిమిషం పడక ఖాళీయే. ఆ నిమిషాల్లో చట్టం అమల్లో ఉంటుంది.”

“యుద్ధ ప్రాతిపదికన ఆ నిమిషాలను సద్వినియోగం చేసుకోవాలి!” అన్నారు కమిషనర్ గారు.

మరుసటి రోజే బజారు గడియార స్తంభం మీద రెండు దీపాలు పెట్టారు. పడక ఖాళీ అయితే పచ్చ, నిండితే ఎరుపు. స్విచ్చి కొండ మీద నా చేతిలో. దాలమ్మ ముఖం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లిందా, నేను పచ్చ నొక్కాలి. కింద భూషణం ఈల వేస్తాడు. గడియార స్తంభం నుంచి జెట్టీ దాకా పడుకున్న వాళ్లంతా దిగ్గున లేచి నిలబడతారు. ఆవిడ తుడుచుకుని వచ్చి వాలుతుంది. ఎరుపు. అందరూ మళ్లీ పడుకుంటారు. లారీ తాళం తిప్పే లోపల చట్టం పోతుంది.

మొదటి రోజు ఇది పదకొండుసార్లు జరిగింది. రెండో రోజుకు జనం కాఫీ హోటల్ అరుగుల మీద కూర్చుని చూడడం మొదలుపెట్టారు. రోడ్డు రోడ్డంతా ఒక్కసారి లేవడం, ఒక్కసారి పడుకోవడం చూసి చప్పట్లు కొట్టారు. పరాయి ఊరి ఆటోవాళ్లు అదేదో ట్రాఫిక్ సిగ్నల్ అనుకుని ఎరుపు చూసి బళ్లు ఆపేశారు. దాలమ్మ మధ్యాహ్నం దాకా నిద్రపోయిన రోజున బజారులో రెండు గంటలు ట్రాఫిక్ నిలిచిపోయింది.

మూడో రోజు దాలమ్మ నాతో, “పట్నాయక్ బాబూ, నాను బజారుకెల్లాలి. నా సేతికి సేప తగిలి నాలుగు రోజులైంది,” అంది.

నాకు బెంగ పట్టుకుంది. ఆమె వెళితే పచ్చ. పచ్చ అంటే రోజంతా లారీ. ఆ మాట పైకి అనలేను, ప్రభుత్వోద్యోగిని. “మీరు వెళితే పడక ఖాళీ అవుతుందమ్మా,” అని మాత్రం అన్నాను, కిటికీలోంచి బజారు వైపు చూస్తూ.

ఆవిడ నా ముఖం కేసి కాసేపు చూసింది. “ఓహో,” అంది.

ఎవరితో కబురు పంపిందో గాని, ఆ మర్నాడు పొద్దున్న ఏడింటికి గురువులు మెట్లెక్కి వచ్చాడు. దాలమ్మ మంచానికి ఈ పక్క నుంచి దిగుతుంటే, అతను ఆ పక్క నుంచి ఎక్కాడు. మధ్యాహ్నం గురువులు దిగుతుంటే అతని భార్య ఎక్కింది. దంపతులు ఒకేసారి ఉండరాదని గోడ మీద ఉంది గాని, ఒకరి తర్వాత ఒకరు ఉండరాదని లేదు. నేను రెండుసార్లు చదివి చూసుకున్నాను. సాయంత్రం చేపల వాసనతో దాలమ్మ వచ్చి తన పక్క తాను తీసుకుంది. బజారులో దీపం ఎర్రగా వెలుగుతూనే ఉంది.

ఒకరు దిగడానికీ ఇంకొకరు ఎక్కడానికీ మధ్య రెండు సెకన్ల ఖాళీ వస్తోందని భూషణం కనిపెట్టాడు. ఆ రెండు సెకన్లలో ఒక్కణ్నయినా లారీ ఎక్కించాలని మనుషులకు తర్ఫీదు ఇచ్చాడు. ఒకరోజు ఎక్కించాడు కూడా. తీరా చూస్తే ఎక్కినవాడు సొంత దళం మనిషే, తొందరలో.

ఇలా ఉండగా బుధవారం వచ్చింది. శుక్రవారం పరిశీలక బృందం దిగుతుంది.

కమిషనర్ గారు స్వయంగా నూట నలభై మెట్లూ ఎక్కి వచ్చారు. వెనక సోమయాజులు గారు, భూషణం. ముగ్గురూ చెమటతో తడిసిపోయారు. అప్పుడు మంచం మీద ఉన్నది దాలమ్మే. పెద్దవాళ్లు వచ్చారని లేవబోయింది గాని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, పడుకునే నమస్కారం పెట్టింది.

“అమ్మా,” అన్నారు కమిషనర్ గారు, “విశాల ప్రజాప్రయోజనాల దృష్ట్యా మీరు ఈ పడకను ఖాళీ చేయవలసి ఉన్నది.”

“కాళీ సేస్తే ఏటవుద్ది బాబూ?”

“దీనిని ఇతర నిరాశ్రయులకు ఇవ్వజూపుటకు వీలు కలుగుతుంది.”

“వోళ్లకిస్తారేటి?”

“ఇవ్వం. ఇవ్వజూపుతాం.”

దాలమ్మ ఆ మాటను నోట్లో తిప్పుకున్నట్టు పెదాలు కదిపింది. “సూపిత్తారు గానీ ఇవ్వరు.”

“సరిగ్గా గ్రహించారు,” అన్నారు సోమయాజులు గారు మెచ్చుకుంటూ.

“అయితే లెగను.”

కమిషనర్ గారు రుమాలుతో మెడ తుడుచుకున్నారు. ఆ తర్వాత అన్న మాట మాత్రం పత్రికా ప్రకటనలా లేదు. “మీకేం కావాలమ్మా? అడగండి. ఏం చేస్తే లేస్తారు?”

అలా అడిగినవాళ్లు అంతకు ముందు ఎవరూ లేరు కాబోలు, ఆవిడ కాసేపు పైకప్పు చూసింది.

“ఒక గది కావాలి బాబూ. దానికి తలుపుండాలి. తలుపుకి లోపల్నించి గెడుండాలి.”

“గెడా?”

“గెడేసుకుని పడుకోవాల. ఎవడొచ్చి కాలితో తంతాడో, ఎవడొచ్చి మూటట్టుకుపోతాడో అని పదకొండేళ్లు ఒక కన్ను తెరిసే పడుకున్నాను. ఈ మంచం మెత్తగానే ఉంది. కానీ ఎవులు పడితే వోళ్లు లోపలికొచ్చేస్తన్నారు,” అని మా నలుగురి వైపూ చూసింది. మేం చెప్పులతోనే లోపలికి వచ్చామని అప్పుడు గమనించాను.

“సంస్థ పరిధిలో అటువంటి గది ఏదైనా ఉన్నదా?” అన్నారు కమిషనర్ గారు.

భూషణం నేల చూశాడు. సోమయాజులు గారు కిటికీ చూశారు. బందెలదొడ్డికి ముందు నేను సంస్థ ఆస్తుల లెక్క చూసే ఎస్టేట్ విభాగంలో రెండేళ్లు పనిచేశాను.

“నూట తొంభై రెండు ఉన్నాయి సార్,” అన్నాను.

“ఏమిటి?”

“చేపల మార్కెట్ వెనక పారిశుధ్య సిబ్బందికి కట్టిన క్వార్టర్లు సార్. తొమ్మిదేళ్లయింది. ప్రారంభోత్సవం ఎవరి చేత చేయించాలో తేలక తాళాలు వేసే ఉన్నాయి. సిబ్బంది పదవీ విరమణ కూడా చేసేశారు.”

కమిషనర్ గారు గోడకు ఆనుకున్నారు. అది శయనం కిందికి వస్తుందా రాదా అన్నది ఉపసంఘం ఇంకా తేల్చలేదు. పది నిమిషాల తర్వాత ఆ కిటికీ గట్టు మీదే ఉత్తర్వు రాయించారు: ‘పడక ఖాళీ చేయించు నిమిత్తము, తాత్కాలిక ప్రాతిపదికన, క్వార్టరు నంబరు ఒకటి కేటాయించడమైనది.’ తాళంచెవి కోసం భూషణం కిందికి పరుగెత్తాడు.

తాళంచెవి చేతిలో పడ్డాకే దాలమ్మ లేచింది. నేను పచ్చ నొక్కాను. కింద బజారులో కలకలం మొదలైందని భూషణానికి ఫోన్ వచ్చింది. కమిషనర్ గారు భూషణం భుజం తట్టారు.

నాలుగు నిమిషాల తర్వాత, మెట్ల మీద దాలమ్మకు ఎదురుపడిన గురువులు వచ్చి మంచం మీద వాలాడు. ఎరుపు.

“నువ్వెందుకయ్యా?” అన్నారు కమిషనర్ గారు ఏడుపు గొంతుతో.

“మా దాలమ్మప్ప పక్క గది సాలు బాబూ,” అన్నాడు గురువులు. “నాకూ, నా ఆడదానికీని. గెడ మాత్రం గట్టిది సూడండి.”

గురువారం పొద్దున్నకు నూట నలభై మెట్ల మీదా వరస కట్టారు. ఒక్కో కుటుంబం నుంచి ఒక్కరు రావడం, మంచం మీద వాలడం, నేను ఎరుపు నొక్కడం, కమిషనర్ గారు సంతకం పెట్టడం, తాళంచెవి అందుకుని వాళ్లు లేవడం, నేను పచ్చ నొక్కడం. మధ్యాహ్నానికి నా బొటనవేలు వాచింది. కింద గడియార స్తంభం దీపావళిలా మిణుకుమిణుకుమంటోందని, భూషణం ఈల వేసి వేసి గొంతు పోయిందని కబురొచ్చింది. ఎవరైనా వాలి నిజంగా నిద్రపోతే, వెనకవాళ్లే తట్టి లేపారు.

మధ్యలో ఒక విలేఖరి మెట్లెక్కి వచ్చి, “పునరావాస కార్యక్రమమా సార్?” అని అడిగాడు.

“కాదు!” అని కమిషనర్ గారు ఉలిక్కిపడ్డారు. “పునరావాసానికి నిధులు లేవు. ఇది పడక ఖాళీ చేయింపు కార్యక్రమం. రాసుకోండి.” అంటూనే ఇంకో కాగితం మీద సంతకం పెట్టారు.

సాయంత్రం ఐదింటికి నూట అరవై ఎనిమిదో కుటుంబం లేచింది. నేను పచ్చ నొక్కి, వేలు గాల్లోనే ఉంచి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. పది నిమిషాలు చూశాం. మెట్లు ఖాళీ. దుప్పటి మీద చిన్న ముడత కూడా లేదు, కమిషనర్ గారు స్వయంగా సర్దారు.

“సాధించాం,” అన్నారు ఆయన. “చట్టం సంపూర్ణంగా అమల్లో ఉన్నది.”

శుక్రవారం ఉదయం పరిశీలక బృందం రావడానికి గంట ముందు భూషణం తన లారీతో, ఇరవై మంది మనుషులతో, కొత్త ఈలతో పెద్దబజారు రోడ్డులో దిగాడు. పైన పచ్చ దీపం. చేతి నిండా నిరాకరణ పత్రాలు. గడియార స్తంభం నుంచి జెట్టీ దాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు. ఫుట్‌పాత్ అంతా కడిగినట్టుంది. ఇంకోసారి తిరిగాడు. చివరికి ఒక ఆవు పడుకుని కనిపిస్తే దాని ముందు నిలబడి కాసేపు ఆలోచించాడట. నాకు ఫోన్ చేశాడు.

“పట్నాయక్ గారూ, ఒక్కడూ లేడండీ. పడక చూపిద్దామంటే మనిషి లేడు. నేనేం చెయ్యాలిప్పుడు?”

పాపం, అతని బాధ నిజమైనదే. పదేళ్లుగా ఆ రోడ్డులో అతన్ని చూసి పరుగెత్తేవాళ్లుండేవారు.

బృందం నాయకురాలు రోడ్డంతా నడిచి చూసి, ఇది ఎలా సాధించారని అడిగారు. కమిషనర్ గారికి అబద్ధం చెప్పే వ్యవధి లేకపోయింది. “ఒక్క పడకతో,” అన్నారు. వాళ్లు నమ్మలేదు. కొండ మీదికి తీసుకొచ్చి చూపించారు. నాయకురాలు మంచం చుట్టూ రెండుసార్లు తిరిగి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నాలుగు వందల పన్నెండు మందికి ఒకే పడకతో గూడు కల్పించిన నగరం ప్రపంచంలో ఇంకొకటి లేదన్నారు. మొదటి బహుమతి మాకే. వారం తిరగకుండానే మిగతా నగరాలన్నిటికీ తలొక ఖాళీ పడక కొనమని ఆదేశాలు వెళ్లాయని విన్నాను.

సోమవారం నాకొక ఉత్తర్వు ఇచ్చారు. పడక ఖాళీ చేయింపు కార్యక్రమం విజయవంతంగా ముగిసినందున, తాత్కాలిక ప్రాతిపదికన కేటాయించిన క్వార్టర్లను తిరిగి స్వాధీనం చేసుకోవలెను. నోటీసులు అందజేయు బాధ్యత: జూనియర్ అసిస్టెంట్ పట్నాయక్.

నూట అరవై ఎనిమిది నోటీసుల కట్ట చంకలో పెట్టుకుని మధ్యాహ్నం మూడింటికి మార్కెట్ వెనక్కి వెళ్లాను. తొమ్మిదేళ్ల బూజు ఎక్కడా లేదు. గురువులు గుమ్మం ముందు నాలుగు గొడుగులు తెరిచి ఆరబెట్టి ఉన్నాయి. దాలమ్మ గుమ్మం పక్కన కత్తిపీట కడిగి బోర్లించి ఉంది. ఒక్క తలుపూ తీసి లేదు. లోపల ఎవరో చిన్నగా గుర్రు పెడుతున్నారు.

నంబరు ఒకటి తట్టాను.

“ఎవులు?”

“నేనమ్మా, పట్నాయక్‌ని. ఆఫీసు నుంచి కాగితం తెచ్చాను.”

మంచం కిర్రుమంది. ఎక్కడో పాత మంచం సంపాదించినట్టుంది. లేచి వస్తుందనుకున్నాను. అడుగుల చప్పుడు లేదు. గెడ కదల్లేదు.

“పడుకున్నాను బాబూ,” అంది దాలమ్మ లోపల్నించి, తాపీగా. “లెగిసాక రండి.”

ఇరవై ఆరేళ్లలో ఎన్ని తలుపులు తట్టానో, ఎన్ని టార్పాలిన్లు ఎత్తి చూశానో. ఆ మాట అనడానికి ఆవిడకు ఇన్నాళ్లూ తలుపు లేదు.

నోటీసు వెనక ‘గ్రహీత నిద్రలో ఉన్నందున అందజేయుటకు వీలుపడలేదు’ అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. మిగతా నూట అరవై ఏడింటి వెనకా అదే రాశాను. సోమయాజులు గారు ఆ రాత చూసి చాలాసేపు పుస్తకాలు తిరగేశారు. బహిరంగ ప్రదేశంలో పడుకున్నవాళ్లను లేపడానికి నిబంధన ఉంది గాని, లోపల గెడ వేసుకుని పడుకున్నవాళ్లను లేపడానికి లేదట. వాళ్లు మెలకువగా ఉన్న సమయంలో మళ్లీ ప్రయత్నించమని ఫైలు మీద రాశారు.

ప్రయత్నిస్తూనే ఉన్నాను. ప్రతి సోమవారం ఆ కట్ట పట్టుకుని వెళ్తున్నాను. ఏ వేళకు వెళ్లాలో ఉత్తర్వులో లేదు కనుక, ఎప్పుడూ మధ్యాహ్నం మూడింటికే వెళ్తాను.